ముందు ఆ పడవ ఎక్కడ ఉంటుందో తేల్చుకోండి

ప్రశ్న: మేం విజయవాడ పటమటలో ఉంటాం. నాకు 43 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. మా ఆవిడ టీచర్. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, బాబు ఏడో తరగతి. నాగాయలంకలో మా మేనమామ పోయాక ఆయన పదహారు అడుగుల చెక్క పడవ గట్టు మీద ఎండిపోతుంటే చూడలేక ఏప్రిల్‌లో తెచ్చి మా రేకుల షెడ్డులో పెట్టాను. అప్పట్నుంచి రెండు స్కూటర్లూ రోడ్డు మీదే ఉంటున్నాయి. పలకల మధ్య రూపాయి బిళ్ల దూరేంత సందులు ఉంటే ఎం-సీల్‌తో సగం పూడ్చాను. ప్లైవుడ్, ఎనామిల్ పెయింటు కూడా కొన్నాను. మొత్తం 70 వేలలో అయిపోవాలనుకున్నా గానీ 26 వేలు అప్పుడే ఖర్చయ్యాయి. అవి చీటీ పాడిన డబ్బులు, మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. ఆటోనగర్‌లో ఒకాయన మొత్తం ఫైబర్ వేసేస్తే చుక్క నీరు రాదంటున్నాడు, ఇంకొకాయన పనిలో పనిగా చిన్న ఇంజిన్ పెట్టించుకోమంటున్నాడు. ఇంట్లో రోజూ ఏదో ఒక మాట వస్తోంది. కొనసాగించనా, ఎవరికైనా ఇచ్చేయనా?
ఓ పాఠకుడు, పటమట

సమాధానం:

మీ ఉత్తరంలో పలకలు, పెయింటు, ఫైబరు, ఇంజిను అన్నీ ఉన్నాయి గానీ, బాగు చేశాక ఆ పడవ ఎక్కడ ఉంటుందన్న మాట మాత్రం ఎక్కడా లేదు. షెడ్డులోనే ఉంటుందా? ఆదివారం నదికి తీసుకెళ్లి సాయంత్రానికి మళ్లీ ఇంటికి తెస్తారా? లేక ఏదో ఒక రేవులో నీళ్లలోనే కట్టేసి ఉంచుతారా? ఇది తేలకుండా ఒక్క మేకు కూడా కొనకండి. ఏ పద్ధతిలో బాగు చేయాలి, ఎంతవుతుంది, ఆఖరికి మీ ఇంట్లో గొడవ ఎప్పుడు తగ్గుతుంది, అన్నీ దాని మీదే ఉన్నాయి.

ఎందుకో చెప్తాను. పలకలు పక్కపక్కన చేర్చి మేకులు కొట్టిన పడవ నీళ్లలో బతకడానికి చేసింది. నీళ్లు తాగి పలకలు ఉబ్బుతాయి, ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి, సందులు వాటంతటవే బిగుస్తాయి. గట్టెక్కించి ఎండలో వదిలేస్తే అదే చెక్క కుంచించుకుపోయి సందులు తెరుచుకుంటాయి. మీరు తెచ్చింది ఏప్రిల్‌లో, అంటే విజయవాడ మే నెల మొత్తం రేకుల కింద ఆ చెక్క వేగింది. కాబట్టి మీకు కనబడుతున్న సందుల్లో చాలావరకు పడవ పాడై వచ్చినవి కాకపోవచ్చు, ఉత్త ఎండిపోవడం వల్ల వచ్చినవి. ఈ మాటకి కాస్త ఊపిరి పీల్చుకోండి, ఎందుకంటే తర్వాతి మాట మీకు నచ్చదు.

ఆ ఎం-సీల్ అంతా తీసేయాలి. గట్టిపడ్డాక అది ఒత్తిడికి తగ్గదు. రేపు పడవని నీళ్లలో దించితే పలకలు ఉబ్బుతాయి, ఉబ్బడానికి చోటు లేకపోతే ఆ ఒత్తిడి ఎటో ఒకవైపు పోవాలి కదా, పలక అంచులు నలుగుతాయి, లేదంటే మేకులు ఊడి పలకే పైకి లేస్తుంది, లేదంటే లోపల అడ్డంగా ఉండే వంపు కట్టెలు విరుగుతాయి. బయటికి నీట్‌గా కనబడి నీళ్లలో దించిన వారానికి మొదటికన్నా ఎక్కువ కారే పడవలు ఇలాగే తయారవుతాయి. పాత ఉలి తీసుకుని, పలక అంచు చెక్కుకుపోకుండా, ఓపిగ్గా తీయండి, గ్రైండర్ పెట్టకండి. సందుల్లో పాతకాలం వాళ్లు నూలు దారం కుక్కి పైన గుగ్గిలం, నూనె కలిపి కాచిన ముద్ద పూసేవాళ్లు, అది మెత్తగా ఉండి పలకతో పాటు సర్దుకుంటుంది కాబట్టే అన్నేళ్లు నడిచింది. ఇప్పుడైనా సూత్రం అదే, సందులో పెట్టేది ఏదైనా సరే నలగాలి, కదలాలి, నూలు కూడా మరీ దట్టంగా కుక్కకూడదు. గుగ్గిలం కాచే పని వంటింటి గ్యాసు మీద మాత్రం వద్దు, నూనెతో కలిసి అంటుకుంటే ఆపడం కష్టం.

పడవ అసలు పనికొస్తుందో లేదో ఈ వారమే తెలుసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. ఒక స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి, టార్చి లైటు చాలు. అడుగున ముక్కు నుంచి వెనక దాకా పొడుగ్గా ఉండే దూలాన్ని, ఆ దూలం మీద వంపు కట్టెలు కూర్చునే చోట్లని, ముక్కు దగ్గరా వెనకా పలకలన్నీ వచ్చి కలిసే నిలువు కట్టెలని వరసగా పొడిచి చూడండి. మంచి చెక్క స్క్రూడ్రైవర్‌ని ఆపేస్తుంది, కుళ్లినది లోపలికి లాక్కుంటుంది. సుత్తితో తడితే గట్టి చెక్క ఖంగుమంటుంది, పుచ్చింది డొల్లగా మోగుతుంది. ఇనప మేకుల చుట్టూ నల్లటి మచ్చ ఉంటే మేకు తుప్పు పట్టి పక్కన చెక్కని కూడా తినేస్తోందని అర్థం. నాగాయలంక వైపు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వేసవిలో మరీనూ, ఆ నీళ్లలో చెక్కని తొలిచే పురుగు ఉంటుంది, అది పైన గుండుసూది తలంత రంధ్రం చేసి లోపల మాత్రం వేలు పట్టేంత సొరంగాలు తవ్వుతుంది, కాబట్టి అడుగు భాగంలో సన్నటి రంధ్రాలు గుంపుగా ఉంటే ఆ పలకని నమ్మకండి. ఇక ఏడెనిమిది నెలలుగా మట్టి నేల మీదో ఇటుకల మీదో ఉంది కాబట్టి చెదలు కూడా చూడండి. నీళ్లలో ఉన్నంత కాలం దానికి చెద భయం లేదు, గట్టెక్కాకే అది మొదలైంది.

పలకలు మూడో నాలుగో పోయాయంటే పర్వాలేదు, మార్చొచ్చు. వంపు కట్టెలు కొన్ని విరిగినా ఫర్వాలేదు, పాత వాటి పక్కన కొత్తవి వేస్తారు, తుమ్మ కొమ్మల్లో సహజంగా వంపు తిరిగినవి దొరికితే వాటికి మించింది లేదు. కానీ అడుగు దూలం చాలా పొడుగున మెత్తబడిపోయి ఉంటే అక్కడితో ఆగిపోండి, నిజంగా. అప్పుడు మీరు చేసేది బాగుచేయడం కాదు, పాత పడవ చుట్టూ కొత్త పడవ కట్టడం, దానికి మీ 70 వేలు చాలవు. మామయ్య తెడ్డు, ముక్కు చెక్క ఉంచుకుని మిగతాది వదిలేయండి, అందులో తప్పేం లేదు.

దూలం బాగుందనే అనుకుని మాట్లాడుకుందాం.

ఇప్పుడు ఎక్కడ ఉంటుందన్న దానికి వద్దాం. షెడ్డులో ఉంచి ఆదివారాలు తిప్పుతానంటే అది జరిగే పని కాదు. పదహారు అడుగుల చెక్క పడవ టాటా ఏస్‌లో పట్టదు, ప్రతిసారీ డీసీఎం వ్యాను, ఎత్తి దించడానికి నలుగురైదుగురు మనుషులు, ఆ ఖర్చుతో ఇంటిల్లిపాదీ రెండు సినిమాలు చూసి హోటల్లో తినొచ్చు. పైగా వారమంతా ఎండిన పడవ ఆదివారం నీళ్లలో పెట్టగానే కారుతుంది, పలకలు ఉబ్బి బిగుసుకునే లోపు మీరు మళ్లీ ఇంటికి తెచ్చేస్తారు. విజయవాడలోనే నదిలో కట్టేస్తానంటే, మీకంటూ ఒక రేవు లేదు, చూసుకునే మనిషి లేడు, అనుమతుల సంగతి వేరే, వరదొస్తే అర్ధరాత్రి ఎవరు వెళ్లి తాళ్లు చూస్తారు? 2024 సెప్టెంబర్‌ మొదట్లో కృష్ణకి 11 లక్షల క్యూసెక్కుల పైన నీళ్లొచ్చినప్పుడు ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీకి గుద్దుకుని గేట్లకి సమతూకంగా ఉండే బరువు దిమ్మలు (కౌంటర్‌వెయిట్లు) దెబ్బతిన్నాయి, తర్వాత ఆ పడవల్ని తీయడానికి ఎన్ని రోజులు పట్టిందో మీరు నాకన్నా దగ్గర నుంచి చూసి ఉంటారు. మీ పడవ వాటిలో పదో వంతు ఉండదు, అయినా నది ముందు పెట్టే వస్తువుకి కాపలా ఉండాలి.

నా మాటగా చెప్పాలంటే దాన్ని నాగాయలంక పంపించేయండి. వదిలించుకోమని కాదు, అక్కడే బాగుచేయించి అక్కడే ఉంచమని. మామయ్య గారి పిల్లలో, పాలివాళ్లో ఎవరో ఒకరు ఊళ్లో ఉండే ఉంటారు, లేకపోతే ఆ గట్టు మీద ఇన్నాళ్లు దాన్ని ఎవరూ కట్టెలకి కొట్టుకోకుండా ఉండేవాళ్లు కాదు. ఆ చుట్టుపక్కల, ఏటిమొగ రేవు వైపు, ఇప్పుడు ఎక్కువ ఫైబర్ పడవలే అయినా చెక్క పని తెలిసిన పెద్దవాళ్లని అడిగితే తెలుస్తుంది. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే వడ్రంగులు గొప్ప పనివాళ్లే, కలప బోల్టులతో బిగించడంలో వాళ్లకి తిరుగులేదు, కానీ నీళ్లలో ఉబ్బే పలకకి ఎంత సందు వదలాలో లారీ నేర్పదు.

మరి మీ చేతులతో చేయాలన్న కోరిక సంగతేంటి అంటారా, అది కూడా పోనక్కర్లేదు. పడవలో ఊడదీయగలిగినవన్నీ, కూర్చునే బల్లలు, తెడ్లు, చుక్కాని, అడుగున పరిచే చెక్కలు, ఇంట్లోనే ఉంచుకోండి. షెడ్డులో ఒక గోడకి ఆనించి పెడితే సరిపోతాయి, స్కూటర్లు రెండూ లోపలికి వస్తాయి. వాటిని గీకి, చిత్రిక పట్టి, మేకులు మార్చి, నూనె పట్టించి రంగు వేయడానికి మీకు చలికాలం అంతా పని ఉంటుంది. మీరు కొన్న ఎనామిల్ పెయింటు వాటికీ, పడవ పై అంచులకీ పనికొస్తుంది, నీళ్లలో మునిగి ఉండే అడుగుకి మాత్రం వాడకండి. ప్లైవుడ్ మీద ముద్ర చూడండి, ఐఎస్ 710 అని ఉంటే మెరైన్ ప్లై, 303 అని ఉంటే ఇంట్లో అలమరాలకి వాడేది, దాంతో బాబుకి పుస్తకాల అర చేయించండి. పడవ పలక పోయిన చోట ప్లై ముక్క అతికించే ఆలోచన ఏ రకమైనా వద్దు. కలప కావాలంటే కొత్తది కొనే ముందు పాత ఇళ్లు పడగొట్టిన కలప అమ్మేవాళ్ల దగ్గర చూడండి, గుంటూరులోనూ విజయవాడలోనూ ఉన్నారు, ఏళ్ల తరబడి ఆరిన టేకు, మద్ది దూలాలు దొరుకుతాయి, కోయించే ముందు లోపల విరిగిన మేకులు లేవని చూసుకుంటే రంపం బతుకుతుంది.

పాత రంగు గీకేటప్పుడు ఒక జాగ్రత్త. ఇళ్లకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబర్‌లో, మామయ్య వేసిన రంగులు అంతకు ముందువి అయ్యుండొచ్చు. పొడిగా గీకితే ఆ దుమ్ము ఇల్లంతా తిరుగుతుంది, నీళ్ల కాగితంతో (వాటర్ పేపర్‌తో) తడిపి గీకండి, మూతికి మంచి మాస్కు పెట్టుకోండి, బాబుని అప్పుడు దగ్గరికి రానివ్వకండి, ఆ బట్టలు విడిగా ఉతకండి. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఎండలో ఆరేసి, ఆ తర్వాతే పారేయండి.

ఫైబర్ గురించి. కొత్తగా, పొడిగా, కదలకుండా ఉండేలా కట్టిన చెక్క మీద ఫైబర్ వేయడం వేరు, ఏళ్లకేళ్లు నూనె, తారు తాగిన పాత పలకల మీద వేయడం వేరు. ఫైబర్‌ని చెక్కకి అతికించే మామూలు పాలిస్టర్ రెసిన్ అలాంటి చెక్కని గట్టిగా పట్టుకోదు, లోపల పలకలు ఊపిరి పీల్చినట్టు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటే పై పొర ఎక్కడో ఒకచోట లేస్తుంది, అక్కడి నుంచి నీళ్లు దూరతాయి, దూరిన నీళ్లు బయటికి రావు, పైకి నిగనిగలాడుతూ లోపల కుళ్లుతుంది. ఆయన చుక్క నీరు రాదన్నది మొదటి ఏడాదికి నిజమే కావచ్చు. ఇంకా, ఆ పని ఇంటి షెడ్డులో చేస్తే రెసిన్ వాసన మూడిళ్ల దాకా పోతుంది, తలనొప్పులొస్తాయి, అందులో కలిపే క్యాటలిస్టు కంట్లో పడితే చూపుకే ముప్పు, దాన్నీ, రెసిన్ త్వరగా గట్టిపడటానికి వేసే కోబాల్ట్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే పేలుతుంది. చదువుకునే పిల్లలున్న ఇంట్లో ఈ టెన్షన్ దేనికి?

ఇంజిన్ వద్దు, ఈ ఏడు అసలే వద్దు. ఇంజిన్ పెట్టగానే అది 2021 ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం కిందకి వస్తుంది, సర్వే, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, అన్నీ. పైగా ఇంజిన్ అదురుడు పాత మేకుల్ని వదులు చేస్తుంది, ఖర్చు పడవ ఖర్చుని మించిపోతుంది. మామయ్య దాన్ని గడతోనూ తెడ్డుతోనూ నడిపినట్టే మీరూ నడపండి. తెడ్డు పడవ అయినా అక్కడి పంచాయతీలో ఒక మాట అడిగి తెలుసుకోండి. ఆ మిగిలిన డబ్బులో లైఫ్ జాకెట్లు కొనండి, ఎంతమంది ఎక్కుతారో అన్ని, పిల్లలకి పిల్లల సైజువి. 2017 నవంబర్‌లో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పవిత్ర సంగమానికి అంత దగ్గర్లో, బోటు బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు, విజయవాడ వాళ్లకి మళ్లీ చెప్పక్కర్లేదు. ఈత వచ్చు కదా అనకండి.

ఇక డబ్బు. చీటీ సంగతి ఈ రోజే చెప్పండి, పడవ మీద ఏ నిర్ణయం తీసుకోకముందే. మీ ఆవిడకి పడవ మీద కోపం ఉందని మీరనుకుంటున్నారు. నాకు మీ ఉత్తరంలో కనబడుతున్నది, ఏడెనిమిది నెలలుగా ఆమె స్కూటరు ఎండలో వానలో నిలబడి ఉండటం, పని ఎప్పుడు అవుతుందో ఎంతవుతుందో ఎవరూ చెప్పకపోవడం. ఆ 26 వేల సంగతి ఆమెకి చీటీ నడిపేవాళ్ల ద్వారానో, తోటి సభ్యురాలి ద్వారానో తెలిసిందనుకోండి, అప్పుడు మాటలు పడవ దగ్గర ఆగవు. చెప్పేటప్పుడు 'అయిపోయింది కదా' అని ముగించకుండా, మిగిలిన 44 వేలు పడవకి పోవాలా వద్దా అన్నది ఇద్దరూ కలిసే నిర్ణయించేలా అడగండి. ఆమె 20 వేలు మించొద్దంటే 20 వేలే. దూలం, ముఖ్యమైన పలకలు, మేకులు, సందుల పని దాంట్లో వీలైనంత చేసి ఆగొచ్చు, రంగు, హంగులు వచ్చే ఏడాదికి వాయిదా వేసినా పడవ ఏమీ అనుకోదు.

ఎంత ఒప్పుకున్నా, అందులో మూడో వంతు పక్కన పెట్టి ముట్టుకోకండి. పాత పడవలో ఒక పలక తీస్తేగాని దాని కింద ఏముందో తెలీదు, ఆ మూడో వంతు అందుకు. మేస్త్రికి పని మొత్తం గుత్తకి ఇవ్వకండి, గుత్తకి తీసుకున్నవాడికి పుచ్చు కనబడితే పూడ్చేయాలనిపిస్తుంది. రోజు కూలికి ఇస్తే అంతులేకుండా సాగుతుంది. పలకకి ఇంత, కట్టెకి ఇంత అని మాట్లాడుకోవడం ఇద్దరికీ మంచిది. మేకులు మాత్రం బేరం చూడకండి, ఉప్పు నీళ్లకి రాగివి గానీ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ మంచివి, స్తోమత లేకపోతే గాల్వనైజ్డ్‌వి, అన్నీ ఒకే రకం వాడండి. ఉప్పు నీళ్లలో రెండు రకాల లోహాలు పక్కపక్కన ఉంటే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది.

పని ఎప్పుడు అన్నది కూడా ఇంటిని బట్టే. అమ్మాయికి పబ్లిక్ పరీక్షలు దగ్గర పడుతుంటే షెడ్డులో సుత్తి మోగకూడదు, అందుకే గట్టి పని అంతా నాగాయలంకలో జరగాలంటున్నాను. ఇంట్లో ఆదివారం పొద్దున ఏడు నుంచి పది దాకా, గీకడం, రంగులు లాంటి చప్పుడు లేని పనులు, పది కొట్టగానే చేతులు కడుక్కుని లోపలికి. సంక్రాంతికి చుట్టాలొచ్చే లోపు షెడ్డు ఖాళీ అయితే మీ ఆవిడకి అదే పెద్ద కానుక. నెలకోసారి రెండో శనివారం అవనిగడ్డ మీదుగా నాగాయలంక వెళ్లి పని చూసుకోండి, బాబుని తీసుకెళ్లండి, మీ ఆవిడ రానంటే బలవంతం చేయకండి, రెండు పూటలు ఇల్లు ప్రశాంతంగా ఉండటం కూడా ఆవిడకి కావాల్సిందేమో.

వ్యాను మాట్లాడే లోపు షెడ్డులోనే ఒక పని మొదలుపెట్టండి. ఎం-సీల్ తీశాక గోనె సంచులు తడిపి పడవ లోపల పరవండి, ఆరకుండా రోజూ పొద్దున, సాయంత్రం నీళ్లు చల్లుతూ ఉండండి. పలకలు మెల్లగా ఉబ్బడం మొదలవుతుంది, రెండు వారాలకి ఏ సందులు వాటంతటవే మూసుకున్నాయో, ఏవి మూసుకోలేదో తెలుస్తుంది, మేస్త్రికి చూపించాల్సినవి ఆ మిగిలినవే. అంతేగానీ నేల మీదున్న పడవలో పైపు పెట్టి నీళ్లు నింపకండి, ఒక్క ఘనపు మీటరు నీళ్లంటే వెయ్యి కిలోలు, బయట నీళ్ల ఆనుడు లేకుండా ఆ బరువు పలకల్ని విప్పదీస్తుంది. వ్యానులో ఎక్కించేటప్పుడు కూడా బరువంతా అడుగు దూలం మీద పడేలా కింద కట్టెలు పేర్చి, పక్కలకి సంచులు కుక్కి, తాళ్లు పలకల మీదుగా కాకుండా వంపు కట్టెలకి ఆనేలా కట్టమనండి. డ్రైవర్ తొందరపెడతాడు, పట్టించుకోకండి.